కటిక పేదరికంలో పెరిగిన పిల్లలు అంత త్వరగా తమ కాళ్ల మీద ఎలా నిలబడతారు?

అమెరికన్ జర్నలిస్ట్ జెన్నెట్ వాల్స్ 2005లో ప్రచురించిన ఆత్మకథ ‘ది గ్లాస్ కాజిల్’ చూడండి. 3 ఏళ్ల వయసులో ఒంటరిగా వంట చేసుకుంటూ ఒళ్లు కాల్చుకుంది. దాన్ని స్వావలంబన అనడానికి నాకు మనసొప్పదు. ఆ పిల్లను పట్టించుకునే పెద్దలు లేరు, అంతే.

అసలు బలం తోబుట్టువుల మధ్య ఉంది. వెస్ట్ వర్జీనియాలోని వెల్చ్ నుంచి బయటపడాలని అక్క, తను, తమ్ముడు చిన్నాచితకా పనులు చేసి డబ్బు దాచారు. తండ్రి అది కాస్తా కాజేశాడని రాసింది. అప్పుడు జెన్నెట్, తనను వేసవి పనికి పిలిచినవాళ్లను, తనకు బదులు అక్కను తీసుకెళ్లి, చివర్లో ఆమెకు న్యూయార్క్‌కు బస్ టికెట్ కొనిపెట్టమని అడిగింది. అలా అక్క ముందు వెళ్లింది. 17 ఏళ్లకు జెన్నెట్, తర్వాత తమ్ముడు అక్కడికే చేరారు.