టెక్ సందేహాలు: హాంబర్గ్ రైలు యాత్రకు ఏ యాప్, ఏ టికెట్, ఏ బొమ్మ రైలు?

ప్రశ్న: మా అమ్మాయి జర్మనీలోని హానోవర్‌లో ఎంఎస్ చేస్తోంది. వచ్చే సెలవుల్లో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. రైళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. హాంబర్గ్‌లోని మినియాటుర్ వుండర్‌లాండ్ అనే మోడల్ రైళ్ల ప్రదర్శనను చూడాలని, అక్కడి అసలు రైళ్లు కూడా ఎక్కాలని ఉంది. ఏయే యాప్‌లు పెట్టుకోవాలి? టికెట్లు ఇక్కడే కొనాలా, వెళ్లాక కొనాలా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: యాప్‌ల సంగతికి ముందు బుకింగ్‌ల వరస తేల్చుకోండి. చాలామంది విమానం, హోటల్, రైలు అన్నీ అయ్యాక చివర్లో ప్రదర్శన టికెట్ చూసుకుంటారు. మీ విషయంలో అది తలకిందులు కావాలి. వుండర్‌లాండ్‌లోకి ప్రవేశం నిర్ణీత సమయానికి ఉంటుంది. సెలవు రోజుల్లో, వారాంతాల్లో మధ్యాహ్నపు వేళలు ముందే నిండిపోతాయి, బుకింగ్ లేకుండా వెళ్తే చాలాసేపు నిరీక్షించాల్సి రావచ్చు. అందుకని మొదట వాళ్ల వెబ్‌సైట్‌లో ఉదయం తొలి వేళల్లోనో, సాయంత్రమో ఒక సమయం ఖాయం చేసుకొని, మిగతా ప్రయాణాన్ని దాని చుట్టూ అల్లుకోండి. తెరవెనుక చూపించే ప్రత్యేక పర్యటన కూడా ఉంది. దానికి విడిగా, ముందుగా బుక్ చేసుకోవాలి. రైళ్ల పిచ్చి ఉన్నవారికి ఆ ఖర్చు దండగ కాదని నా అభిప్రాయం.

ఇక హానోవర్ నుంచి హాంబర్గ్‌కు రైలు. జర్మన్ రైల్వే వారి డీబీ నావిగేటర్ యాప్‌లో ఒకే ఐసీఈ (హైస్పీడ్) రైలుకు రెండు రకాల ధరలు కనిపిస్తాయి. చవకగా దొరికే ష్పార్‌ప్రైస్ టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. ఖరీదైన ఫ్లెక్స్‌ప్రైస్‌తో ఆ రోజు ఏ రైలైనా ఎక్కవచ్చు. అయితే గమ్యానికి 20 నిమిషాలు, అంతకు మించి ఆలస్యం అయ్యేలా ఉంటే చవక టికెట్‌కున్న ఆ కట్టుబాటు తొలగిపోతుంది, వేరే రైలు ఎక్కవచ్చు. గంట ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారంగా వస్తుంది, దాన్ని యాప్ నుంచే అడగవచ్చు. జర్మన్ రైళ్లు గడియారం ముల్లులా నడుస్తాయన్న మాట పాతబడింది కాబట్టి, వుండర్‌లాండ్ సమయానికి కనీసం రెండు గంటల ముందు హాంబర్గ్ చేరే రైలునే ఎంచుకోండి. పెద్ద మరమ్మతుల కోసం మొత్తం మార్గాన్నే నెలల తరబడి మూసివేసే పద్ధతి కూడా అక్కడ ఇప్పుడు నడుస్తోంది. 2025 ఆగస్టులో హాంబర్గ్–బెర్లిన్ మార్గాన్ని అలాగే మూశారు. కనుక పాత బ్లాగుల్లోని ప్రయాణ సమయాలను నమ్మకుండా మీరు వెళ్లే తేదీ వేసి యాప్‌లోనే చూడండి.

వెళ్లేటప్పుడు ఐసీఈలో వెళ్లినా, తిరుగు ప్రయాణానికి ప్రాంతీయ రైళ్లే మేలు, ఎందుకంటే ప్రదర్శనలోంచి ఎప్పుడు బయటపడతారో మీకే తెలియదు. హానోవర్ ఉన్న రాష్ట్రం పేరిట ఉండే నీడర్‌జాక్సెన్ టికెట్ అనే ఒక రోజు టికెట్‌తో గరిష్ఠంగా ఐదుగురు కలిసి ఆ రాష్ట్రంతో పాటు బ్రెమెన్, హాంబర్గ్‌లలో ప్రాంతీయ రైళ్లలో తిరగవచ్చు. పనిదినాల్లో ఉదయం 9 గంటల తర్వాతే అది చెల్లుతుంది, ఐసీఈ ఎక్కడానికి పనికిరాదు. ఊల్జెన్ అనే స్టేషన్‌లో రైలు మారాలి, సమయం దాదాపు రెట్టింపు పడుతుంది. దేశమంతా ప్రాంతీయ రైళ్లలో చెల్లే, నెలకు 63 యూరోల డాయిచ్‌లాండ్ టికెట్ (2026 జనవరి నుంచి ఉన్న ధర) చందా రూపంలో ఉంటుంది, నెలలో 10వ తేదీలోగా రద్దు చేయకపోతే మరుసటి నెలకూ డబ్బు కట్ అవుతుంది. రెండు రోజుల సరదాకు అది అక్కర్లేదు. మీ అమ్మాయికి విశ్వవిద్యాలయం ఇచ్చిన సెమిస్టర్ టికెట్ అదే రకానిదైతే ప్రాంతీయ రైళ్లలో ఆమెకు ఎలాగూ వేరే టికెట్ అవసరం ఉండదు.

హాంబర్గ్ నగరంలో తిరగడానికి హెచ్‌వీవీ యాప్ చాలు. మూడోది, ఫోన్ బ్రౌజర్‌లోనే తెరుచుకునే ఓపెన్‌రైల్వేమ్యాప్; పట్టాలు, విద్యుదీకరణ, గరిష్ఠ వేగం దాకా చూపించే ఉచిత పటం ఇది. ఇంతకు మించి యాప్‌లు నింపుకోవద్దు. టికెట్లు మాత్రం ఇక్కడే కొనేయండి, ఎందుకంటే మన కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉండాలి, ఓటీపీ ఇక్కడి సిమ్‌కే వస్తుంది. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వండి, టికెట్‌ను ముందే ఫోన్‌లోకి దించుకోండి.

అసలు రైళ్లలో హాంబర్గ్ మెట్రోలోని యూ3 లైన్‌ను వదలవద్దు. హాంబర్గ్ ప్రధాన స్టేషన్ దగ్గర ఎక్కితే రాట్‌హౌస్ స్టేషన్ దాకా సొరంగంలోనే వెళ్తుంది. ఆ తర్వాత కాలువ పక్కగా ఒక వాలు మీదుగా పైకి ఎక్కి, 1912 నాటి ఉక్కు వంతెనల మీద నడుస్తుంది. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే రేవంతా కనిపిస్తుంది. వుండర్‌లాండ్‌కు దిగాల్సిన బామ్‌వాల్ స్టేషన్ కూడా ఈ దారిలోనే ఉంది. ఎస్‌-బాన్ అనే శివారు రైళ్లకు పట్టాల పక్కనున్న మూడో పట్టా నుంచి 1,200 వోల్టుల డీసీ అందుతుంది. స్టాడే ఊరికి వెళ్లే రైలు నాయగ్రాబెన్ దగ్గర పాంటోగ్రాఫ్ లేపి పైతీగలోని 15,000 వోల్టుల ఏసీకి మారుతుంది. మన 25,000 వోల్టుల తీగల కింద పెరిగిన వారికి ఇది చూడదగ్గ తమాషా. 2021 అక్టోబరులో ఇదే ఎస్‌-బాన్‌లో ఒక మార్గం మీద రైలు తనంతట తాను నడిచి ఆగడాన్ని ప్రదర్శించారు. పట్టాల మధ్య బిగించిన పరికరాల ద్వారా రైలు తన స్థానం తెలుసుకోవడం అక్కడి ఏర్పాటులో కీలకం. దక్షిణ మధ్య రైల్వేలో పరీక్షించిన, రైళ్లు ఢీకొనకుండా చూసే మన కవచ్ వ్యవస్థలో ఆ పనిని స్లీపర్లకు అమర్చిన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్‌లు చేస్తాయి.

ప్రశ్న: వుండర్‌లాండ్ వీడియోల్లో రైళ్లు సరే, కార్లు, లారీలు కూడా పట్టాలు లేకుండా మలుపులు తిరుగుతున్నాయి. విమానాలు లేస్తున్నాయి. ఇదంతా ఎలా? – ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: బ్రౌన్ కవల సోదరులు ఫ్రెడెరిక్, గెరిట్ 2001 ఆగస్టులో ప్రారంభించిన ఈ ప్రదర్శనలో అన్నీ 1:87 కొలతలో, అంటే అసలు దానిలో 87వ వంతు పరిమాణంలో ఉంటాయి. రోడ్డు రంగు కింద సన్నని ఉక్కు తీగ పాతిపెట్టి ఉంటుంది. లారీ ముందు చక్రాల ఇరుసుకు ఒక చిన్న చేయి, దాని కొసన అయస్కాంతం ఉంటాయి. అయస్కాంతం తీగను అంటిపెట్టుకొని వెళ్తుంటే చక్రాలు దానితో పాటే తిరుగుతాయి. బండిలోనే మోటారు, బ్యాటరీ ఉంటాయి. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు ఇండికేటర్ వేయాలో కంప్యూటర్ చెబుతుంది. బ్యాటరీ తగ్గిన బండిని ఛార్జింగ్‌కు మళ్లించే పని కూడా దానిదే.

2011లో తెరిచిన క్నుఫింగెన్ విమానాశ్రయంలో విమానాలను రెండు సన్నని కడ్డీలు పైకి ఎత్తుతాయి. రన్‌వే చివర గోడలోంచి అవి కనుమరుగవుతాయి. 2024లో చేర్చిన మొనాకో కారు రేసులో ఉక్కు తీగ కూడా లేదు. రోడ్డు కింద పరిచిన సర్క్యూట్ బోర్డులు పుట్టించే అయస్కాంత క్షేత్రమే కార్లను లాగుతుంది.

రైళ్ల వెనుక ఉన్న సూత్రం మాత్రం మన లైన్లలోని సిగ్నలింగ్‌కు దగ్గర. మార్గాన్ని బ్లాకులుగా విడగొట్టి, ఏ బ్లాకులో రైలు ఉందో కరెంటు వాడకం ద్వారా పసిగట్టి, అది ఖాళీ అయ్యేదాకా వెనుక రైలును సాఫ్ట్‌వేర్ ఆపుతుంది. మీరు చూసే రైళ్ల కన్నా ఎక్కువ రైళ్లు బల్లల కింద దాచిన యార్డుల్లో వంతు కోసం ఆగి ఉంటాయి. వెళ్లేవారు కొండలూ ఇళ్లతో పాటు ఆ బల్లల అడుగు భాగాన్ని కూడా వంగి చూడాలి.

ప్రశ్న: అక్కడి నుంచి మా అబ్బాయికి మంచి జర్మన్ మోడల్ రైలు సెట్ తేవాలనుకుంటున్నాం. మన ఇంట్లో పనిచేస్తుందా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కరెంటు ఇబ్బంది లేదు. జర్మనీలోనూ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు ఆకారం వేరు కాబట్టి ఒక అడాప్టర్ చాలు. అసలు చిక్కు పట్టాలతోనే ఉంది. మార్‌క్లిన్ సంస్థ హెచ్‌ఓ (1:87 కొలత) సెట్లలో రెండు పట్టాల మధ్య చిన్న చిన్న లోహపు మొనల వరస ఉంటుంది, ఇంజిన్ అడుగునున్న పట్టీ ఆ మొనలను రాసుకుంటూ కరెంటు తీసుకుంటుంది. రోకో, పికో, హార్న్‌బీ వంటి వారివి రెండు పట్టాల పద్ధతి. ఒక పద్ధతి ఇంజిన్ మరో పద్ధతి పట్టాల మీద నడవదు, కనుక తర్వాత ఎవరి డబ్బాలు కొనగలరో ఇప్పుడే నిర్ణయించుకోండి. మన దేశంలో దొరికే సామాను ఎక్కువగా రెండు పట్టాలదే, అందుకే నేనైతే అటే మొగ్గుతాను.

రెండోది, పెట్టె మీద డిజిటల్ లేదా డీసీసీ అని ఉందో లేదో చూడండి. పాత అనలాగ్ పద్ధతిలో పట్టాలకిచ్చే వోల్టేజీని పెంచితే ఆ ముక్క మీదున్న ఇంజిన్లన్నీ వేగం పుంజుకుంటాయి. డీసీసీలో పట్టాల నిండా ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ఆదేశాలు దానిలోనే సంకేతాలుగా ప్రవహిస్తాయి. ప్లాట్‌ఫాం మీద మైకులో ఒక ప్రయాణికుడి పేరు పిలిస్తే అందరూ విన్నా అతనొక్కడే కదిలినట్టు, ఇంజిన్‌లోని డీకోడర్ తన నంబరుకు వచ్చిన ఆదేశానికే స్పందిస్తుంది. రోకో వారి జెడ్21 పెట్టెను వైఫైకి కలిపితే ఫోనే కంట్రోలర్ అవుతుంది. కంప్యూటర్‌తో నడపాలంటే జేఎంఆర్‌ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

ఎప్పుడైనా మన రైళ్ల నమూనాలు కూడా కలపాలనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, 87తో హెచ్చిస్తే యూరప్ ప్రామాణికమైన 1,435 మిల్లీమీటర్లు వస్తుంది. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు కాబట్టి కచ్చితంగా చేస్తే పట్టాలు 19 మిల్లీమీటర్లు దాటాలి. హెచ్‌ఓ పట్టాల మీద నడిపే మన ఇంజిన్ నమూనాలు కాస్త ఇరుకు కాళ్ల మీద నిలబడ్డట్టు కనిపించడానికి కారణం అదే, లోపం అనుకొని వాపసు చేయకండి.

ప్రశ్న: వుండర్‌లాండ్‌లో 15 నిమిషాలకోసారి పగలూ రాత్రీ మారతాయట. ఫోన్‌తో ఫొటోలు ఎలా తీయాలి? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఫ్లాష్ ఆపేయండి. ఫోన్‌ను బొమ్మ మనుషుల కంటి ఎత్తుకు దించి, ప్రధాన లెన్స్‌తోనే తీయండి. చీకటి పడ్డాక తెర మీద వెలుగున్న కిటికీని నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, కొంచెం తగ్గించండి. వీడియోలో దీపాల వల్ల చారలు వస్తే ప్రో మోడ్‌లో షట్టర్‌ను సెకనులో 50వ వంతుకు మార్చండి. పవర్ బ్యాంకును విమానంలో చేతి సంచీలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయకూడదు.