పిండంలో ఆర్ఎన్ఏ చదవబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

జీబ్రా చేప పిండాల్లో ఆర్ఎన్ఏ మీద పీహెచ్‌డీకి చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత పొంగిపోయానో, ఫోన్ పెట్టేశాక అంత దిగులూ పట్టుకుంది. వద్దనడానికి కాదులే ఈ ఉత్తరం. పెద్దమ్మ వద్దంటే ఆగే రకమా నువ్వు?

గ్లవ్స్ మారుస్తూ ఉండు, శాంపిల్స్ మైనస్ 80లో పెట్టు, ట్యూబ్ మీద తేదీ రాయి. ఇవి ఎవరైనా నేర్పుతారు.

నా భయం వేరే. మా ల్యాబ్‌లో నాకన్నా చురుకైన కుర్రాడు ఒకడుండేవాడు. పిండం మొదటి గంటలు తల్లి గుడ్డులో దాచిపెట్టిన ఆర్ఎన్ఏతోనే, అంటే తల్లి జన్యువుల నకళ్లతోనే, నెట్టుకొస్తుంది కదా. జీబ్రా చేపలో సొంత జన్యువులు పెద్దఎత్తున పనిలోకి దిగేది సుమారు 3 గంటలకు, వెయ్యి కణాల దశలో. ఇతనికేమో రెండో గంటకే కొన్ని జన్యువుల ఆర్ఎన్ఏ జోరుగా పెరుగుతూ కనిపించింది. ఎన్నిసార్లు చేసినా అదే గీత. ఎంత ముద్దుగా ఉండేదో ఆ గ్రాఫ్!

గీత అబద్ధం కాదు, దానికి చెప్పుకున్న అర్థమే తప్పు. అతను ఆర్ఎన్ఏని ఒలిగో-డీటీ పూసలతో పట్టేవాడు. అవి పాలీ-ఏ తోక, అంటే ఆర్ఎన్ఏ చివర ఉండే ‘ఏ’ అక్షరాల వరస, పొడుగ్గా ఉన్నవాటినే బాగా పట్టుకుంటాయి. తల్లి ఇచ్చిన ఆర్ఎన్ఏల్లో చాలావాటికి గుడ్డులో ఆ తోక పొట్టిగా ఉంటుంది, ఫలదీకరణం తర్వాత పొడుగవుతుంది. అంతకుముందు పూసలకు చిక్కనివి అప్పుడు చిక్కాయి, అంతే. అటక మీది సామాను కిందికి దించి, కొత్తగా కొన్నామనుకున్నట్టు.

తోకతో పనిలేకుండా, మొత్తంలో ఎక్కువ భాగమైన రైబోసోమల్ ఆర్ఎన్ఏ తీసేసి మిగతాదంతా కొలిచి ఉంటే గీత చదునుగా వచ్చేది. ఒంటికణం దశలోనే ఆల్ఫా-అమానిటిన్ అనే విషం ఎక్కించి ట్రాన్స్‌క్రిప్షన్, అంటే జన్యువుల నుంచి కొత్త ఆర్ఎన్ఏ తయారవడం, ఆపినా, పూసల లెక్కలో ఆ పెరుగుదల అలాగే ఉండేది, గుట్టు అక్కడే బయటపడేది. ఈ మాట ఒకరు మీటింగ్‌లో అడిగారు కూడా. మా గైడ్ “అవన్నీ రివ్యూయర్లు అడిగితే చూద్దాం, ముందు పేపర్ రాసెయ్” అన్నారు. రివ్యూయర్లు అడిగారు. అప్పటికి థీసిస్ సగం ఆ గీత మీదే కట్టేశాడు పిల్లాడు. రీసెర్చే మానేసి వెళ్లిపోయాడు. నాకు ఇప్పటికీ ఆ గైడ్ పేరు వింటే ఒళ్లు మండుతుంది.

అందుకే ల్యాబ్ పేరు చూసి మురిసిపోకు. గైడ్ కంట్రోల్స్, అంటే ఇలా సరిచూసుకునే ప్రయోగాలు, అడిగే మనిషేనా అని అక్కడి సీనియర్లను కనుక్కో. నీకు మొహమాటం ఎక్కువ, నాకు తెలుసు. అయినా అడుగు.

అలాగని ప్రతిదానికీ బెదిరిపోయి చిన్న విషయాన్ని వదిలేయకు. 1993లో ఆంబ్రోస్, రువ్‌కున్ బృందాలు ఓ నులిపురుగులో లిన్-4 అనే బుల్లి ఆర్ఎన్ఏ చేసే పని బయటపెడితే, చాలామంది అదేదో ఆ పురుగు గొడవ అనుకున్నారు. 2000లో లెట్-7 అనే మరో బుల్లి ఆర్ఎన్ఏ మనిషితో సహా ఎన్నో జంతువుల్లో ఉందని తేలాక గానీ లోకం తలెత్తి చూడలేదు. నోబెల్ వచ్చింది 2024లో. నీ చేపల్లో తల్లి ఆర్ఎన్ఏని ఊడ్చేసే మిర్-430 కూడా ఆ బుల్లి ఆర్ఎన్ఏల జాతిదే.

ఆ చేపలు పొద్దున లైట్లు వెలగగానే గుడ్లు పెడతాయి. రాత్రి రెండింటిదాకా మేలుకునే నీ వేషాలు అక్కడ సాగవు. త్వరగా పడుకో తల్లీ, ఏదో ఒకటి తిని వెళ్లు.

మొదటి గ్రాఫ్ రాగానే నాకు పంపు. బాగుందని మాత్రం అనను. ఆర్ఎన్ఏ ఎలా పట్టావని అడుగుతాను.

మీ పెద్దమ్మ