లకుముకిని ఫొటో తీయాలంటే

బిడ్డా,

కెమెరా కొన్నవట. పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట మీద ఎంత తిరిగినా లకుముకి పిట్ట నిలుస్తలేదని మీ అమ్మ చెప్పింది. తిరిగితే అది దొరకదు. దాని కొమ్మ పట్టుకో. నీళ్ల మీదికి వంగిన తుమ్మకొమ్మనో, తూము రాయినో చూడు; కింద తెల్లటి రెట్ట చారలుంటే అది రోజూ కూసునే జాగ. పొద్దుగాల పోయి, ఎండ నీ వీపు మీద పడేటట్టు దూరంగా కూసో. ఆ ఈకల్లో నీలం రంగే ఉండదు, వెలుగు వాటి అల్లికలో చెదిరి అట్ల కనబడుతది. ఎదురెండలో తీస్తే నల్లపిట్టే వస్తది.

మన దిక్కు తరచుగా కనిపించేవి మూడు. ఎర్రముక్కు, గోధుమరంగు తల, తెల్ల గొంతు ఉన్న పెద్దదానికి చెరువే ఉండాలని లేదు. మిడతలు, తొండలు తింటూ చేన్ల పక్కన కరెంటు తీగ మీద ఉంటది. దసరానాడు దీన్నే పాలపిట్ట అనుకొని మొక్కేటోళ్లున్నరు, మొక్కనియ్యి. చిన్న నీలిది 16 సెంటీమీటర్లే; కంటికి ఆనకముందే 'చీ' అని సన్నగా వినపడుతది. కింది ముక్కు ఎర్రగుంటే ఆడది. నలుపు తెలుపుది కావాలంటే జూరాల డ్యాంకో, కోయిల్‌సాగర్ డ్యాంకో పో. అది గాలిలోనే ఒక్కచోట రెక్కలాడిస్తూ నిలబడి, నిట్టనిలువునా నీళ్లలో దూకుతది. రొమ్ము మీద రెండు నల్లపట్టీలుంటే మగది, తెగిన పట్టీ ఒక్కటే ఉంటే ఆడది.

చేప పట్టినంక తొందరపడి కెమెరా దించకు. కొమ్మకేసి రెండు దిక్కులా బాదుతది, ముండ్లు, పొలుసులు గొంతుకు అడ్డంపడకుండా తల ముందుగా మింగుతది. ఒక్కోసారి మింగదు. చేప తల బయటికి ఉండేటట్టు తిప్పి పట్టుకొని కూసుంటదే, అది తన కోసం కాదు. జోడుకో పిల్లలకో పెట్టడానికి. అంటే గూడు దగ్గర్లనే ఉన్నట్టు. వాగు ఒడ్డు మట్టిగోడలో బొరియ తవ్వి, చివర గుడ్లు పెడుతది. నువ్వు బొరియ ముందే కూసుంటే అది నోట్లో చేపతో అట్లనే కొమ్మ మీద ఆగిపోతది, లోపల పిల్లలు ఆకలితో ఉంటయి. అసొంటిది చూస్తే లేచి అవతలి ఒడ్డుకు పో. లెన్సు చాలకపోతే చాలకపాయె. గూడు ఫొటో మాత్రం నాకు పంపకు, నేను చూడను.

మీ పెద్దనాయన