పెరటి తోటలో పుచ్చులు, తెగుళ్ళు, ముంపు: కోనసీమలో కూరగాయలు మానేయాల్సిందేనా?

బెండ ఆకులు పసుపెక్కుతున్నాయి, వంకాయలు కోస్తే అన్నీ పుచ్చులే, బీర పిందెలు రాలిపోతున్నాయి, వేపనూనె కొడుతూనే ఉన్నా లాభం లేదు, తోట మానేయమంటారా అని అడిగారు. మాదీ అమలాపురం వైపే, కొబ్బరిచెట్ల మధ్య దొడ్డి. మీరు చెప్పిన మూడూ మాకు ఏటా వచ్చే చుట్టాలే. మానక్కర్లేదండీ.

వేపనూనె మంచిదే. లీటరు నీళ్ళకి 5 మి.లీ. పోసి, కాస్త సబ్బునీళ్ళు కలిపి, సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా కొడితే పేనుబంక, తెల్లదోమ తగ్గుతాయి. కానీ మీ బాధల్లో ఒకటి వైరస్, మిగతా రెండూ ఎక్కువగా లోపల దాక్కునే పురుగుల పని. పైన ఎంత కొట్టినా వాటికి అందదు.

బెండది పల్లాకు తెగులు, తెల్లదోమ మోసుకొస్తుంది. పట్టిన మొక్కకి మందు లేదు. కాయ ఇంకో నాలుగు రోజులు ఇస్తుందిలే అని ఉంచకుండా పొద్దున్నే, దోమ మందకొడిగా ఉన్నప్పుడు పీకెయ్యండి. గట్టు మీద తుత్తురుబెండ ఉంటే దాన్నీ తీసెయ్యండి, దోమకి అదీ ఇల్లే. మళ్ళీ వేసేటప్పుడు అర్క అనామిక లాంటి తట్టుకునే రకం అడగండి.

వంగకి మందు కన్నా గోరు ముఖ్యం. మొక్కంతా పచ్చగా ఉండి ఒక్క చివురు మాత్రం తల వాల్చేస్తే, వాడిన చోటుకి అంగుళం కిందకి తుంచి, గోటితో చీల్చి చూడండి. గుల్లగా తొలిచిన కాడలో నల్లటి రెట్ట, దాని వెనక లేత గులాబీ రంగు పురుగు కనిపిస్తాయి. కాయలోకి దూరేదీ ఇదే. తుంచినవీ, పుచ్చు కాయలూ పెంటకుప్పలో వెయ్యకండి, అక్కడ రెక్కల పురుగై తిరిగొస్తుంది. సబ్బునీళ్ళ బకెట్లో పడెయ్యండి.

బీర పిందెల దగ్గర ముందు ఒకటి తేల్చుకోవాలి. పిందె మీద సూదితో గుచ్చినట్టు చుక్క, దాని మీద జిగురు ఉంటే పండు ఈగ పని. ఏ గాటూ లేకుండా పసుపెక్కి రాలితే పరాగం అందలేదన్నమాట. బీర, ఆనప పూలు విచ్చేది సాయంత్రం. ఆ వేళ మగపువ్వు తెంపి ఆడపువ్వుకి అద్దితే సరిపోతుంది. ఈగ అయితే పిందెకి కాగితం పొట్లం కట్టండి, రాలినవి మోకాలి లోతున పాతెయ్యండి, పాదు చుట్టూ మట్టి తిరగెయ్యండి. లింగాకర్షక బుట్ట కడితే మగ ఈగలే పడతాయి, అదొక్కటే నమ్ముకుంటే చాలదు.

ఇవన్నీ ఒక ఎత్తు. నన్నడిగితే మన డెల్టాలో పురుగు కన్నా పెద్ద శత్రువు నీరు. బరువు నేల, నాలుగు రోజులు ముసురు పట్టిందంటే వేళ్ళకి ఊపిరాడదు. మడి నిండా తడి ఉన్నా మొక్క వాడిపోతోందంటే ఇక నీళ్ళు పొయ్యకండి, వేరు కుళ్ళుతోంది. మడిని మూరెడు ఎత్తు చేసి చుట్టూ నీరు పోయే చిన్న బోదె కాలువ తియ్యండి. నీరు తీశాక కుళ్ళు తెగులు మందు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి మొదళ్ళు తడపండి, తేరుకున్నాక నీళ్ళలో కరిగే 19-19-19 ఎరువు లీటరుకి 5 గ్రాములు ఆకుల మీద కొట్టండి. మునగ మాత్రం మునిగితే దక్కేది తక్కువ. నేనైతే శ్రావణం నుంచి కార్తీకం దాకా పల్లపు మళ్ళలో చేమ, బచ్చలి, పొన్నగంటి కూరతో సరిపెట్టి, వంగ, టమాటా నారు ముసురు వెలిశాకే కడియం నర్సరీల నుంచి తెప్పిస్తాను.

ఇంకొకటి. కొబ్బరి కింద మొక్కల ఆకుల మీద నల్లటి మసి ఉంటే అది ఈ మొక్కల తెగులు కాదు. పైన కొబ్బరి మట్టలకి పట్టిన సర్పిలాకార తెల్లదోమ జిగురు కిందకి కారి, దాని మీద బూజు పెరుగుతుంది. పలచటి గంజి చల్లితే ఎండకి పెచ్చులుగా రాలిపోతుంది. చెట్టుకి ఘాటు మందులు కొట్టించకండి, ఆ దోమని చంపే ఎన్‌కార్సియా అనే చిన్న పురుగు కూడా పోతుంది. దోమ మరీ ఎక్కువైతే అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంలో అడగండి, దాని మీద పనిచేసే ఇసారియా శిలీంధ్రం గురించి వాళ్ళు చెబుతారు.