24-70 లెన్స్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు నికాన్ డి750 కొన్నావనీ, ఇప్పుడు దానికి 24-70 ఎంఎం ఎఫ్/2.8 లెన్స్ కూడా తీసుకోవాలా, లేక కెమెరాతో పాటు వచ్చిన 24-120 ఎఫ్/4 తోనే ఈ మాఘమాసపు ముహూర్తాలు గట్టెక్కించాలా అని సతమతమవుతున్నావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. ఇది ఫోనులో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. ముప్పై ఏళ్లుగా పెళ్లిమండపాల్లో నిలబడి ఫొటోలు తీసినవాణ్ణి కనుక, నాకు తెలిసినదంతా తీరికగా రాస్తున్నాను. నువ్వూ తీరికగా చదువు.

నీ దగ్గరున్న 24-120 చెడ్డ లెన్స్ కాదు. దాని పరిధి ఎక్కువ (ఎంఎం అంకె తగ్గితే దృశ్యం వెడల్పుగా, పెరిగితే దగ్గరగా వస్తుంది), చేతి వణుకును సరిదిద్దే వీఆర్ కూడా అందులో ఉంది. అది ఉండగా 24-70 కోసం మళ్లీ డబ్బు పెట్టడమంటే, ముఖ్యంగా ఒకే ఒక్క స్టాప్ వెలుగు కోసం పెట్టడమే. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువగా తెరుచుకుంటుంది, ఎఫ్/4 నుంచి ఎఫ్/2.8 కి ఒక మెట్టు, దాన్నే స్టాప్ అంటాం. ఆ ఒక్క స్టాప్‌తో సెన్సర్ మీద పడే వెలుగు రెట్టింపవుతుంది. తెల్లవారుజామున మూడు గంటల ముహూర్తానికి, వధూవరుల మధ్య అడ్డుతెర తీసే క్షణంలో, ఎఫ్/4 దగ్గర సెకనులో 125వ వంతు షట్టర్‌కు ఐఎస్ఓ (సెన్సర్ అందుకున్న వెలుగును పెంచే అంకె, ఎక్కువైతే చిత్రం గరుకెక్కుతుంది) 6400 అవసరమయ్యే చోట ఎఫ్/2.8 దగ్గర 3200 సరిపోతుంది. ఈ తేడా కెమెరా వెనుక తెర మీద పెద్దగా తెలియదు గానీ, పన్నెండు అంగుళాల ఆల్బమ్ పేజీ మీద పట్టుచీర జరీ అంచులోనూ, నీడలో ఉన్న ముఖాల్లోనూ స్పష్టంగా కనిపిస్తుంది. వీఆర్ ఉంది కదా అని నువ్వు అడగవచ్చు. అది నీ చేతి కదలికను సరిచేస్తుంది గానీ తలంబ్రాలు పోస్తున్న పెళ్లికూతురి చేతి కదలికను సరిచేయలేదు. ఆ చేయి మసకబారకుండా ఉండాలంటే షట్టర్ వేగం పెరగాలి, అందుకు వెలుగే కావాలి.

చాలామంది పట్టించుకోని మరో ప్రయోజనం కూడా ఉంది. నువ్వు ఎఫ్/8 పెట్టుకున్నా సరే, బటన్ నొక్కేంతవరకు ఈ కెమెరాలో లెన్స్ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. వ్యూఫైండర్‌లో నీకు కనిపించేది, ఆటోఫోకస్‌కు అందేది ఎఫ్/2.8 వెలుగే. చీకటి మండపంలో ఫోకస్ దొరక్క లెన్స్ అటూ ఇటూ వెతుక్కునే బాధ దీనివల్ల బాగా తగ్గుతుంది. మాంగల్యధారణ రెండోసారి జరగదు కనుక, నా దృష్టిలో ఐఎస్ఓ లాభం కన్నా ఇదే పెద్ద లాభం.

ఇక ఏది కొనాలన్న ప్రశ్న. ఫిల్మ్ రోజుల్లో మేము వాడిన ఎఫ్/2.8 జూమ్ 35-70, అది 1987లో వచ్చింది. గొట్టాన్ని ముందుకూ వెనక్కూ లాగి జూమ్ చేయవలసి వచ్చేది. ఇరుకు ఇళ్లలో జరిగే పెళ్లిళ్లలో 35 చాలక గోడకు వీపు ఆనించి నిలబడేవాళ్లం. 1999లో 28-70 వచ్చింది. ఆ తర్వాత 2007 ఆగస్టులో, నికాన్ మొదటి ఫుల్‌ఫ్రేమ్ (ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సర్ ఉన్న) డిజిటల్ కెమెరా అయిన డి3 తో పాటు, 24-70 ఎఫ్/2.8 జి ని ప్రకటించారు. పదకొండు గ్రూపులుగా పదిహేను గాజు ఎలిమెంట్లు, తొమ్మిది బ్లేడ్ల అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం), 77 ఎంఎం ఫిల్టర్, సుమారు 900 గ్రాముల బరువు ఉన్న లెన్స్ అది. 2015లో వీఆర్‌తో వచ్చిన ఇ రకం 1,070 గ్రాముల బరువుండి, 82 ఎంఎం ఫిల్టర్ అడుగుతుంది. రెండూ నీ కెమెరాకు సరిపోతాయి, కానీ నేను నీకు చెప్పేది సెకండ్ హ్యాండ్‌లో మంచి జి లెన్స్ చూసుకోమనే. చాలామంది లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు వెళ్తూ ఈ లెన్స్‌లు అమ్ముకుంటున్నారు కనుక మంచివి దొరుకుతున్నాయి. రేపు నువ్వే నికాన్ మిర్రర్‌లెస్ అయిన జెడ్ కెమెరాకు మారినా, పాత లెన్స్‌లను దానికి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద దీని ఆటోఫోకస్ పనిచేస్తుంది. మిగిలిన డబ్బుతో ఒక మంచి ఫ్లాష్, రెండు అదనపు బ్యాటరీలు కొనుక్కో.

నీ పాత డి7200 ను రెండో కెమెరాగా ఉంచుకుంటానన్నావట, మంచిదే. కానీ దాని సెన్సర్ చిన్నది కనుక ఈ లెన్స్ దాని మీద 36-105 లాగా ప్రవర్తిస్తుంది. మండపం మొత్తం పట్టే వెడల్పు పోతుంది కాబట్టి, ఈ లెన్స్‌ను డి750 మీదనే ఉంచు.

సెకండ్ హ్యాండ్ లెన్స్ పరీక్షించే పని మీద నువ్వు ఎక్కువ శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే నేను శ్రద్ధ పెట్టక నష్టపోయాను. చాలా ఏళ్ల క్రితం ఒక దుకాణంలో జూమ్ లెన్స్ కొంటూ, గాజు మీద గీత లేదు, రింగు మెత్తగా తిరుగుతోంది అని సంతృప్తిపడి, అక్కడికక్కడే డబ్బు కట్టి వచ్చేశాను. ఆ వారమే తీసిన పెళ్లిలో ప్రతి గ్రూప్ ఫొటోలోనూ కుడివైపు నిలబడిన బంధువులందరూ మసకగా వచ్చారు. లెన్స్ ఎప్పుడో కింద పడటం వల్ల లోపలి ఎలిమెంట్ ఒకటి పక్కకు ఒరిగిందని తర్వాత మెకానిక్ చెప్పాడు. ఆ కుటుంబంలోని పెద్దాయన ఆ ఏడాదే కాలం చేశారు. ఆయన ఉన్న చివరి గ్రూప్ ఫొటో అదే, ఆయన నిలబడింది ఆ మసక వైపే. ఆ ఇంటివాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు గానీ, నాకు మాత్రం అది ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంటుంది.

కాబట్టి లెన్స్ చూడటానికి వెళ్లేటప్పుడు నీ కెమెరా, ట్రైపాడ్ తీసుకొని వెళ్లు. ఇటుకలు స్పష్టంగా కనిపించే గోడో, వరుసగా దినపత్రికలు అంటించిన గోడో చూసుకొని, కెమెరాను దానికి సరిగ్గా ఎదురుగా, సమాంతరంగా నిలబెట్టి, 24 దగ్గర, 50 దగ్గర, 70 దగ్గర ఎఫ్/2.8 లో ఒక్కొక్క ఫొటో, తర్వాత ఎఫ్/5.6 లో ఒక్కొక్క ఫొటో తియ్యి. ఎఫ్/2.8 దగ్గర నాలుగు మూలలూ నడిమి భాగం కన్నా కొంత మెత్తగా ఉండటం ఈ తరహా లెన్స్‌లలో మామూలే, దానికి భయపడవద్దు. నాలుగు మూలలూ ఒకదానితో ఒకటి సమానంగా ఉన్నాయా లేదా అన్నదే నువ్వు చూడవలసినది. ఒక మూల మాత్రం మిగతావాటికన్నా మసకగా ఉంటే, కెమెరాను తలకిందులుగా తిప్పి మళ్లీ తియ్యి. మసక కూడా గోడ మీద ఎదుటి మూలకు మారితే లోపం గోడది కాదు, నీ నిలబెట్టే తీరుదీ కాదు, లెన్స్‌దే. అమ్మేవాడు ఎంత తగ్గించినా దాన్ని తీసుకోవద్దు.

ఆ తర్వాత జూమ్ రింగును 24 నుంచి 70 వరకు నెమ్మదిగా తిప్పి చూడు. మధ్యలో ఎక్కడైనా పట్టేసినట్టు, ఇసుక నలిగినట్టు అనిపిస్తే లోపలి గొట్టం దెబ్బతిన్నట్టు అనుమానించాలి. ఫిల్టర్ బిగించే అంచు మీద సొట్ట ఉందేమో, ఉన్నదాన్ని సరిచేసిన గుర్తులున్నాయేమో చూడు. వెనుక లోహపు మౌంట్ చుట్టూ దుమ్ము, తేమ రాకుండా ఉండే రబ్బరు వలయం చిరగకుండా ఉండాలి. చివరగా రెండు వైపులా మూతలు తీసి, అపర్చర్ తెరిచి పట్టుకొని, వెనుక నుంచి మొబైల్ టార్చి వేసి ముందు నుంచి చూడు. నాలుగైదు దుమ్ము రేణువులు కనిపిస్తే ఫొటోలో ఏ తేడా రాదు. సాలెగూడులాంటి సన్నని పోగులు కనిపిస్తే మాత్రం అది ఫంగస్, అలాంటి లెన్స్‌ను నీ సంచిలోకి రానివ్వవద్దు.

కొన్న తర్వాత ఇంటికి తెచ్చి నీ కెమెరాతో ఫోకస్ కచ్చితంగా కుదురుతోందో లేదో చూసుకో. కొంచెం ముందుకో వెనక్కో పడుతుంటే డి750 మెనూలో దాన్ని సరిచేసే ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ఉంది. అయితే అది జూమ్ లెన్స్ మొత్తానికి ఒకే విలువను గుర్తుపెట్టుకుంటుంది కనుక, నువ్వు ముఖాలు దగ్గరగా తీసే 70 దగ్గర సరిచేసుకొని, తర్వాత 24 దగ్గర పాడవలేదని నిర్ధారించుకో.

వాడకం గురించి నా అభిప్రాయం కొంత కఠినంగా ఉంటుంది. జూమ్ ఉన్నవాడికి కాళ్లు కదలడం మానేస్తాయి. నిలబడిన చోటు నుంచే రింగు తిప్పి ఫ్రేము నింపడం అలవాటైతే, ప్రతి ఫొటో ఒకే దూరం నుంచి తీసినట్టు ఉంటుంది. నువ్వు ముందు ఫొటో ఎలా ఉండాలో అనుకొని రింగును ఆ అంకె మీద పెట్టి, తర్వాత నడిచి ఫ్రేము కుదుర్చుకో. మండపం, పురోహితుడు, పీటల మీద జంట, చుట్టూ నిలబడ్డవాళ్లు అందరూ కావాలంటే 24, తల్లిదండ్రులు కాళ్లు కడిగే ఘట్టానికి 35, జంటకు 50, కళ్లనీళ్లు పెట్టుకున్న తల్లి ముఖానికి 70. గ్రూప్ ఫొటోను మాత్రం స్థలం లేక తప్పనిసరి అయితే తప్ప 24 లో తీయవద్దు, అంచుల్లో ఉన్నవాళ్ల ముఖాలూ భుజాలూ సాగిపోతాయి. నాలుగడుగులు వెనక్కి వెళ్లి 35 లోనో, ఇంకా పైనో తీసి, అపర్చర్‌ను ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 మధ్య పెట్టు.

ఎఫ్/2.8 ఉంది కదా అని అన్ని చోట్లా అదే పెట్టడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. రెండు మీటర్ల దూరం నుంచి 70 దగ్గర ఎఫ్/2.8 లో తీస్తే, స్పష్టంగా ఉండే లోతు సుమారు 14 సెంటీమీటర్లు మాత్రమే. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వరుడి ముఖం వధువు ముఖం కన్నా జానెడు ముందుకు వచ్చిందంటే ఇద్దరిలో ఒకరు మసకబారినట్టే. ఎఫ్/4 పెడితే ఆ లోతు ఇరవై సెంటీమీటర్లకు, ఎఫ్/5.6 పెడితే దాదాపు ఇరవై ఏడుకు పెరుగుతుంది. ఒకే ముఖమైతే ఎఫ్/2.8, ఇద్దరైతే ఇద్దరూ ఒకే వరుసలోకి వచ్చేలా నువ్వు పక్కకు జరగాలి, అలా జరిగే వీలు లేకపోతే ఎఫ్/4 పెట్టాలి. ఇంకో సంగతి, హాళ్లలో చౌకరకం ఎల్ఈడీ దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. ఫొటోలో అడ్డంగా చీకటి చారలు కనిపిస్తే షట్టర్‌ను సెకనులో వందవ వంతుకు తెచ్చి చూడు.

హారతి ఇచ్చే సమయంలో ముందున్న యూవీ ఫిల్టర్ తీసెయ్యి. లెన్స్ లోపల ప్రతిఫలనాలు తగ్గించే నానో క్రిస్టల్ పూత ఉంది, కానీ నువ్వు బయట తగిలించిన చదునైన గాజు మీద ఆ పూత లేదు. కర్పూర జ్వాల ఆ గాజులో ప్రతిబింబించి చిత్రంలో మరోచోట దెయ్యపు వెలుగులా కనిపిస్తుంది. తలంబ్రాల సమయంలో మాత్రం ఫిల్టరూ, లెన్స్ ముందు తొడిగే హుడ్డూ రెండూ ఉండాలి. బియ్యపు గింజ తగిలితే గాజుకు ఏమీ కాదు, అయితే వాటితో వచ్చే పసుపు పొడి రింగుల సందుల్లోకి చేరుతుంది. పెళ్లి అయిన మర్నాడే మెత్తటి బ్రష్‌తో ఆ సందులు దులుపు. జనంలో నడిచేటప్పుడు రింగును 50 ప్రాంతంలో ఉంచితే జి లెన్స్ అతి పొట్టిగా ఉంటుంది, ఎవరి మోచేయీ తగలదు. కెమెరాను ఎత్తేటప్పుడు ఎడమ అరచేయి ఎప్పుడూ లెన్స్ కింద ఉండాలి, అంత బరువును మౌంట్ ఒక్కదాని మీద వేలాడదీయకూడదు.

మన కోస్తా తేమకు లెన్స్‌ను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం కన్నా హాని మరొకటి లేదు. డ్రై క్యాబినెట్ కొనగలిగితే లోపలి తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా పెట్టుకో. అంతవరకు గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచినా చాలు, జెల్ రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టాలి. ఏసీ గదిలో నిద్రపోయి తెల్లవారుజామున మండపానికి వెళ్తే సంచి వెంటనే తెరవవద్దు. చల్లని గాజు మీద తేమ పట్టి పావుగంట సేపు ఏమీ కనిపించదు. మచిలీపట్నంలో ఒక పెళ్లికి నాకు సరిగ్గా ముహూర్తానికి ముందు ఇలాగే జరిగి, పక్కనున్న తమ్ముడి కెమెరా అడిగి తీసుకోవలసి వచ్చింది. అప్పటినుంచి కెమెరా సంచిని అరగంట ముందే గది బయట పెట్టించి ఉంచుతున్నాను.

లెన్స్ ఏదైనా దొరికితే డబ్బు ఇచ్చే ముందు గోడ ఫొటోలు ఆరూ నాకు అసలు సైజులోనే పంపు, వాట్సాప్‌లో మామూలు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపు, లేకపోతే మూలల్లో వివరం పోతుంది. నేను చూసి చెప్పాక కొను. బిల్లు మీద లెన్స్ సీరియల్ నంబరు రాయించుకోవడం మరిచిపోవద్దు. అక్కయ్యకు, బావగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మామయ్య