ఎండకాలంలో బయట పాలు పోసే సభ్యులను సొసైటీ ఆపాలా?

అడిగింది: హన్మకొండ జిల్లాలోని మా ఊరి పాల సొసైటీలో సభ్యులు పెరిగారు. ఎండకాలం రాగానే ప్రైవేటు వ్యాను లీటరుకు 50 రూపాయలిస్తోందని సగం మంది అటు పోస్తున్నారు. 'మా బర్రె, మా ఇష్టం' అంటున్నారు. జరిమానా వేయొచ్చా?

జవాబు:

వేయకండి. పాలు ఎవరికి అమ్ముకోవాలో బర్రెను సాకేవాళ్ల ఇష్టమే. జరిమానా పెడితే లీటరు ఇక్కడ, మిగతావి అక్కడ పోస్తారు.

ముందు లెక్క చూపించండి. వ్యాను లీటరుకిస్తుంది, మీరు వెన్నకిస్తారు. 5 లీటర్లంటే 5.15 కిలోలు. కిలో వెన్నకు 800 రూపాయలనుకుంటే, 7 శాతం వెన్నకు 288 రూపాయల 40 పైసలు, అంటే లీటరుకు 57కు పైనే. అదే 5.5 శాతం వెన్నైతే లీటరుకు 45 చిల్లరే వస్తుంది. చిక్కటి పాలు వ్యానుకు పోసేవాళ్లు నష్టపోతున్నారు, ఆ సంగతి చాలామందికి తెలియదు.

అసలు దెబ్బ చలికాలంలో తగులుతుంది. బర్రెలు ఎక్కువగా వానకాలం చివరి నుంచి ఈనుతాయి, పాలు పెరుగుతాయి, వ్యాను రేటు దించుతుంది, అందరూ మళ్లీ మీ కేంద్రానికే వస్తారు. ఏడాదంతా పోసినవాళ్ల బోనస్‌లో వాళ్లూ వాటా తీసుకుంటారు. ఇది అన్యాయం. అందుకే బోనస్‌ను ఎండకాలపు పాలకు ముడిపెట్టండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రోజుకు సగటున 4 లీటర్లు పోసినవాళ్లకు, చలికాలంలో దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 6 లీటర్ల దాకా బోనస్ ఇవ్వండి. ఆపై పాలు కూడా తీసుకోండి, మామూలు రేటు కట్టండి, బోనస్ మాత్రం వద్దు.

ఈ పద్ధతిలో ఒక్క బర్రె ఉన్న ఇల్లు నలిగిపోతుంది. ఈనే ముందు బర్రె రెండు మూడు నెలలు వట్టిపోతుంది. అవి ఏప్రిల్, మేలలో పడితే సగటు పడిపోతుంది. కాబట్టి పాలిచ్చే రోజులకే సగటు కట్టండి. ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన తేదీకి సుమారు 310 రోజులు కలిపితే ఈనే రోజు తెలుస్తుంది, వట్టిపోయిందన్న మాట నిజమో కాదో తేలుతుంది.

ఒక్క విషయంలో మాత్రం మెత్తబడొద్దు. పొదుగువాపుకు ట్యూబు ఎక్కించిన బర్రె పాలు, మందు మీద రాసిన గడువు తీరేదాకా కేంద్రానికి రాకూడదు. ఆ పాలు కలిస్తే 40 లీటర్ల క్యాను మొత్తం పాడు. పెరుగు తోడుకోదు, తాగే పిల్లలకూ మంచిది కాదు, మరిగించి చూసే పరీక్షకు దొరకదు. అయితే నిజం చెప్పినవాళ్లకు ఆ రోజుల్లో సగం డబ్బైనా సొసైటీ నిధి నుంచి ఇవ్వండి. లేకపోతే దాచిపెడతారు.

1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైతే, ఏడాదికి కనీసం ఎంత పోస్తే ఓటుంటుందో ఉపవిధుల్లోనే రాసుకోవచ్చు. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో 1956 నాటి సహకార సంఘం, మహిళల డెయిరీ రెండూ ఉన్నాయి. పోయి వాళ్ల పద్ధతులు అడిగి రండి. ఏ నియమమైనా మార్చిలోపే సర్వసభ్య సమావేశంలో తీర్మానించండి. గడిచిన ఎండకాలానికి వర్తింపజేస్తే మాత్రం మొదటి చెల్లింపు రోజే కొట్లాట.