రోహిణి కార్తె దాకా బెండ గింజ ముట్టుకోవద్దు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. నలభై ఏళ్లుగా వ్యవసాయమే. ఫిబ్రవరిలో అమెరికాలో, మినియాపాలిస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. ఆగస్టు మొదట్లో తిరుగు ప్రయాణం. పెరట్లో నాలుగు చెక్క మడులు, ఒక ఆపిల్ చెట్టు ఉన్నాయి. ఉగాది వెళ్లినా మంచు పూర్తిగా పోలేదు కానీ, రెండు రోజులుగా ఎండ కాసి మడుల్లో మట్టి కనబడుతోంది. చేతులు ఊరుకోవడం లేదు. కిందటేడు అబ్బాయి ఏప్రిల్ చివర వేసిన బెండ మొలవలేదు. చిక్కుడు పందిరంతా అల్లుకుంది గానీ ఒక్క కాయ ఇవ్వలేదు. కిటికీ దగ్గర పోసిన మిరప నారు సన్నగా సాగి పడిపోయింది. ఇప్పుడు ఏ పని మొదలుపెట్టాలి? ఆపిల్ కొమ్మలు కొట్టవచ్చా? మా ఇంటావిడ మే నెలలో వస్తోంది. గోంగూర, చిక్కుడు విత్తనాలు, ఒక కరివేపాకు మొక్క తెమ్మని చెప్పవచ్చా?

జవాబు: ముందుగా, ఆ మడుల్లో ఇప్పుడే పార దించకండి. పైన రెండంగుళాలు కరిగినట్టు కనబడుతుంది గానీ, కింద నేల ఇంకా రాయిలా గడ్డకట్టే ఉంటుంది. మీరున్న చోట ఇంటి పునాది 42 అంగుళాల లోతుకు తీయాలని నిబంధన. చలి అంత లోతుకు దిగుతుంది మరి. పైన కరిగిన నీరు కిందికి ఇంకే దారి లేక అక్కడే నిలుస్తుంది. ఆ బురదను తొక్కినా, తవ్వినా మట్టి గడ్డలు కట్టి, ఏడాది పొడుగునా వేరు పారదు.

పదును చూడడం మీకు నేను నేర్పక్కర్లేదు. రేగడిలో అరక కట్టే ముందు చేసే పనే అక్కడా చేయండి. పిడికెడు మట్టి తీసి ఉండ చేసి, బొటనవేలితో నొక్కండి. పొడిపొడిగా విడిపోతే పదును వచ్చినట్టు. వేలిముద్ర పడి ముద్దగానే ఉంటే ఇంకో వారం ఆగండి. చెక్క మడి నేలకన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి ముందే ఆరుతుంది, ముందే వేడెక్కుతుంది. ఆ మేరకు మీకు కలిసొచ్చింది. కాలిబాట మీద, కారు నిలిపే చోట మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ మంచును ఎత్తి మడుల మీద మాత్రం పోయకండి. చౌడు నేలతో పడే పాట్లు మీకు తెలుసు.

ఇక బెండ సంగతి. గింజ మంచిదే, అదను తప్పింది. బయట ఎండ కాసి చొక్కా చేతులు మడుచుకునే రోజున కూడా మట్టి చల్లగానే ఉంటుంది. గాలి ఒక్క పూటలో వేడెక్కుతుంది, నేలకు వారాలు పడుతుంది. బెండ గింజ మట్టిలో 30 డిగ్రీల వేడి ఉంటే వారంలో మొలుస్తుంది. 20 డిగ్రీలైతే రెండున్నర వారాలు. 15 డిగ్రీలైతే నాలుగు వారాల దాకా మట్టిలోనే పడి ఉంటుంది, ఈలోపు నాని కుళ్లిపోతుంది. ఏప్రిల్ చివర మీ మడుల్లో ఉండేది పది డిగ్రీల చుట్టుపక్కలే. అబ్బాయి గింజలకు పట్టిన గతి అదే. అదే పది డిగ్రీల్లో బఠాణీ రెండు వారాల్లో మొలిచి కూర్చుంటుంది.

అందుకని ముందు కొనాల్సింది విత్తనం కాదు, మట్టిలో గుచ్చి చూసే థర్మామీటరు. తోట సామాన్ల కొట్లో దొరుకుతుంది. పొద్దున పూట రెండంగుళాల లోతున గుచ్చి చూడండి. మధ్యాహ్నం చూస్తే అది మిమ్మల్ని మోసం చేస్తుంది. అక్కడ అంకెలు ఫారన్‌హీట్‌లో ఉంటాయి. 40 అంటే మన 4 డిగ్రీలు, 50 అంటే 10, 70 అంటే 21. వరసగా నాలుగు రోజులు పొద్దున్నే 70 దగ్గర చూపించాక బెండ వేయండి.

మీరు కార్తెలు లెక్కపెట్టే మనిషి కాబట్టి అలాగే చెబుతాను. కార్తె సూర్యుణ్ని బట్టి వస్తుంది గనుక తెనాలిలో ఏ తేదీనో మినియాపాలిస్‌లోనూ అదే తేదీ, మారేది పనే. ఏప్రిల్ మధ్యలో వచ్చే అశ్విని కార్తెలో, పదును చూసుకుని బఠాణీ, ముల్లంగి, మెంతి, కొత్తిమీర, చుక్కకూర వేయవచ్చు. వీటికి కాస్త చలి పడినా భయం లేదు. ఏప్రిల్ చివర మొదలయ్యే భరణిలో ఇంకో విడత మెంతి, కొత్తిమీర. మే 11 ప్రాంతంలో కృత్తిక వస్తుంది. రాత్రిపూట గడ్డకట్టే చలిని అక్కడ ఫ్రాస్ట్ అంటారు. అది మీ ఊళ్లో సాధారణంగా మే మొదటి పక్షంతో ఆగిపోతుంది. కృత్తిక సగమయ్యాక టమాటా నారు నాటండి. మన దగ్గర రోళ్లు పగిలే రోహిణి, అంటే మే 25 తర్వాత, అక్కడ బెండకూ గోంగూరకూ అదను. మిరప, వంగ, బీర, సొర కూడా అప్పుడే బయటికి.

ఎండ చూసి తొందరపడకండి. 2018లో అక్కడ ఏప్రిల్ 13 నుంచి 15 దాకా అడుగుకు పైగా మంచు కురిసింది. చుట్టుపక్కల వాళ్లు ఇంట్లో నారు పెట్టుకుని కూర్చుంది ఊరికే కాదు.

మీరూ ఆ పని ఇవాళే మొదలుపెట్టండి. నాటే రోజు నుంచి వెనక్కి లెక్కేయాలి. మిరప, వంగకు ఎనిమిది నుంచి పది వారాలు కావాలి కాబట్టి ఇప్పుడే పోయండి. టమాటాకు ఆరు వారాలు చాలు, ఏప్రిల్ మొదటి వారంలో పోయండి. బీర, సొర, కాకర తొందరగా పెరిగి తీగ సాగుతాయి, పైగా వేరు కదిలితే అలుగుతాయి. వాటిని మే మొదటి వారంలో కాగితం కప్పుల్లో పెట్టి, కప్పుతో సహా నాటండి. బెండ కూడా అలా కప్పుల్లో వేస్తే మీకు మూడు వారాలు కలిసొస్తాయి. ఆగస్టులో వెళ్లిపోతున్నారు కదా, నాలుగు కోతలైనా మీ చేత్తో కోసుకోవాలి.

నారు సన్నగా సాగి పడిపోవడానికి వెలుతురు చాలకపోవడమే కారణం. కిటికీలో వెలుతురు ఒక పక్క నుంచే వస్తుంది, మన కంటికి బాగానే ఉన్నట్టుంటుంది గానీ మొక్కకు అది మసక చీకటి. మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు ఒకటి గొలుసుతో వేలాడదీసి, నారు తలలకు మూడు నాలుగు అంగుళాల ఎత్తులో ఉంచండి. నారు ఎదిగే కొద్దీ లైటు పైకి లాగాలి. రోజుకు 14 నుంచి 16 గంటలు వేసి, రాత్రి ఆర్పేయండి. మొలక వచ్చేదాకా ట్రే అడుగున వెచ్చదనం ఉండాలి, మిరపకు 25 నుంచి 30 డిగ్రీలు. నారుకు వాడే హీట్ మ్యాట్ దొరుకుతుంది. మొలిచాక అది తీసేయండి. ఇంట్లో మనవడో మనవరాలో ఉంటే రోజుకు రెండుసార్లు అరచేత్తో నారు తలలు మెల్లగా నిమరమనండి. గాలికి ఊగినట్టనిపించి కాడ పొట్టిగా, దిట్టంగా పెరుగుతుంది. పిల్లలకు ఇంతకన్నా నచ్చే వ్యవసాయం పని లేదు.

కాడ మట్టి దగ్గర నొక్కినట్టు సన్నబడి, నల్లబడి పడిపోయి ఉంటే మాత్రం అది నారుకుళ్లు. అదే మీరు మన ఊళ్లో నారుమడి గురించి అడిగితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయమని రాసేవాణ్ని. పిల్లలు తిరిగే ఇంట్లో, భోజనాల బల్ల పక్కన ఆ మందు వద్దు. పెరటి మట్టి ఇంట్లోకి తేకుండా, సంచుల్లో అమ్మే నారు మిశ్రమం కొత్తది వాడండి. నీళ్లు పై నుంచి పోయకుండా ట్రేలో పోసి, అరగంటయ్యాక మిగిలింది పారబోయండి. పైమట్టి కాస్త ఆరాకే మళ్లీ తడి. మనవాళ్లు నారును ప్రేమ ఎక్కువై నీళ్లతోనే చంపుతారు.

నారు బయటికి తెచ్చే ముందు వారం పది రోజులు గాలికీ ఎండకూ అలవాటు చేయాలి. ఈ పాఠం నేను చదువుకున్నదే అయినా ఒకసారి దెబ్బ తిన్నాను. మా అమ్మాయి ఉండేదీ మీ వైపే. రెండు నెలలు ఇంట్లో లైటు కింద పెంచిన మిరప నారును, ఎండ బాగుంది కదా అని ఒక మధ్యాహ్నం వరండా మెట్ల మీద పెట్టి, లోపలికెళ్లి కునుకు తీశాను. రెండు గంటల తర్వాత లేచి చూస్తే ఆకులు ఉల్లిపొరల్లా తెల్లబడి ఉన్నాయి. చలి వల్ల కాదు, ఎండ వల్లే. మా అమ్మాయి ఏమీ అనలేదు గానీ, "నాన్నా, మీరు సైంటిస్టు కదా" అన్నట్టు చూసింది. మొదటి రోజు ఒక గంట, అదీ నీడలో. రోజుకో గంట పెంచుకుంటూ పోండి. నాటిన తర్వాత ఏ రాత్రయినా చలి వార్త వింటే సాయంత్రమే పాత దుప్పటి కప్పి, పొద్దున్నే తీసేయండి.

చిక్కుడు కాయకపోవడం చలి వల్ల అనుకుంటున్నారేమో, అసలు కారణం పగటి పొడవు. మన పందిరి చిక్కుడు పొద్దు కురచ అయితే గానీ పూతకు రాదు. గుంటూరులో ఏడాది మొత్తంలో అతి పొడుగైన పగలు 13 గంటలు. మినియాపాలిస్‌లో జూన్‌లో పదిహేనున్నర గంటలు. తీగకు ఎరువూ నీళ్లూ అందుతున్నాయి, పూయమనే కబురే అందడం లేదు. సెప్టెంబరు చివర పగలూ రాత్రీ సమానమయ్యాక పూత తొడుగుతుంది, అక్టోబరు మొదట్లో ఫ్రాస్ట్ వచ్చి మాడ్చేస్తుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క జయ్, అర్క విజయ్ అనే పొద చిక్కుడు రకాలకు పగటి పొడవుతో పని లేదు. అవి దొరక్కపోతే ఈ ఏడు అక్కడి పొద బీన్స్ వేసుకోండి, అరవై రోజుల్లోపే కాయ చేతికొస్తుంది.

చిక్కుడును ఏడిపించిన ఆ పొడుగు పొద్దే గోంగూరకు వరం. గోంగూర కూడా పొద్దు కురచయితేనే పూసే మొక్క. అక్కడ వేసవంతా పూత మాటే ఎత్తకుండా ఆకు మీదే పడుతుంది. మన దగ్గర పూతకొచ్చి ఆకు ముదిరే బాధ అక్కడ లేదు. మోకాలెత్తు రాగానే కొసలు తుంచండి, పక్క కొమ్మలు కమ్ముకొస్తాయి. మీరు వచ్చేశాక కూడా సెప్టెంబరు దాకా కోడలికి పచ్చడికి లోటుండదు.

పాలకూర దగ్గర ఒక తిరకాసుంది. అక్కడ స్పినాచ్ అని అమ్మేది మన పాలకూర కాదు. మనది బీట్‌రూట్ జాతి, అది వేరే మొక్క. జూన్ పొడుగు పొద్దు తగలగానే స్పినాచ్ కాడ వేసి పూతకొస్తుంది, కాబట్టి అశ్వినిలోనే వేసి మేలో తినేయాలి. మన పాలకూరకు దగ్గరి చుట్టం స్విస్ చార్డ్ అనే ఆకు. అది వేస్తే వేసవంతా కోసుకోవచ్చు, పప్పులో తేడా కనిపెట్టడం కష్టం. కొత్తిమీరకూ ఆ కాడ వేసే రోగమే, రెండు వారాలకోసారి కొంచెం కొంచెం చల్లండి.

ఆపిల్ చెట్టుకు కత్తెర పట్టడానికి ఇదే సమయం, మొగ్గ పగలక ముందే. ఎండినవీ, ఒకదానితో ఒకటి రాసుకునేవీ, నిటారుగా లేచిన నీటి కొమ్మలూ తీసేయండి. ఒక ఏడాదిలో నాలుగో వంతుకు మించి తీయకండి. ఆకు లేని చెట్టు కాబట్టి ఏ కొమ్మ ఎటు పోయిందో తేటగా కనబడుతుంది. చలికి చేతులు కొంకర్లు పోయినా ఆ పనిలో సుఖముంది. పెరట్లో ఓక్ చెట్టు ఉంటే మాత్రం ఏప్రిల్ నుంచి జూలై దాకా కత్తి పెట్టొద్దు. కోసిన గాయం మీద వాలే పురుగులు ఓక్ విల్ట్ అనే ఎండు తెగులు మోసుకొస్తాయి. లైలాక్ పొద ఉంటే పూలయ్యాకే కత్తిరించాలి, ఇప్పుడు కొడితే ఈ ఏడు పూలు పోయినట్టే. రాలిన ఆకులు కూడా ఇప్పుడే ఊడ్చేయకండి. వాటి కింద కొన్ని రకాల తేనెటీగలు, సీతాకోకలు ఇంకా నిద్రలో ఉంటాయి. పగటి వేడి నిలకడగా 50 ఫారన్‌హీట్, అంటే మన 10 డిగ్రీలు, దాటాక ఊడ్చవచ్చు.

చేతులు ఊరుకోవడం లేదన్నారు కాబట్టి ఒకటి చూసి రండి. ఈ నెలలో అక్కడ మాపుల్ చెట్లకు రసం కారుతుంది. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లోనే అది కారేది. మనవాళ్లు తాటి గెల గీసి లొట్టి కట్టినట్టు, వాళ్లు మానుకు చిన్న తొర్ర చేసి బకెట్ తగిలిస్తారు. 40 లీటర్లు మరగబెడితే ఒక లీటరు పాకం. తాటిబెల్లం వండడం చూసినవారు మీరు, వాళ్లకు రెండు మాటలు చెప్పి కూడా రావచ్చు.

చివరిగా మీ ఇంటావిడ సంచి గురించి. కరివేపాకు మొక్క, కొమ్మ, ఆకు ఏదీ వద్దు. నిమ్మ జాతి తోటలను నాశనం చేసే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఫ్లోరిడా బత్తాయి తోటలు ఆ తెగులుకే దెబ్బతిన్నాయి, అందుకే అంత గట్టిగా పట్టుకుంటారు. విత్తనాలకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమో, అనుమతో ఉండాలి. చెప్పకుండా తెచ్చి దొరికితే జరిమానా. గోంగూర గింజలు అక్కడ రోసెల్ అనే పేరుతో అమ్ముతారు, బెండ ఓక్రా అని ఏ కొట్లో అయినా ఉంటుంది. కరివేపాకు మొక్కను అక్కడి నర్సరీలోనే కుండీలో కొని, వేసవిలో బయటా, సెప్టెంబరులో మళ్లీ ఇంట్లో లైటు కిందా పెట్టమని అబ్బాయికి చెప్పండి. చలికాలం ఆకు రాల్చి మోడయినా పారేయొద్దనండి. నీళ్లు బాగా తగ్గించి ఉంచితే మార్చిలో మళ్లీ చిగురిస్తుంది.